చెప్పినట్టు వినే క్రియలు

జూన్ 2

టీచరు వదినగారికి,

మీ మరదలు నమస్కరించి, కొంచెం భయపడుతూ రాస్తున్న ఉత్తరం.

మీరు పంపిన పది ఇంగ్లీషు క్రియలు అందాయి. మీరు చెప్పినట్టే వాటిని పొయ్యి పైన గోడకి అంటించాను. ఆవిరికి అప్పుడే రెండు మాటలు అలుక్కుపోయాయి. ఏవి పోయాయో గుర్తు లేదు కాబట్టి ప్రస్తుతానికి నాకు ఎనిమిదే వచ్చు.

ఫోన్లో అడగమంటారు గానీ మీ గొంతు వినగానే నాకు మాట పెగలదు. ఉత్తరంలో మీరు ఎదురుగా ఉండరు కదా, అందుకని ధైర్యంగా అడుగుతున్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, నవ్వకండి.

నిన్నటి పనికి చివర 'డ్' పెట్టాలన్నారు. పెట్టాను. కానీ 'వాక్' దగ్గర 'డ్' అని రాసి 'ట్' అని పలకాలట, 'వాంట్' దగ్గర 'ఎడ్' అనాలట. రాసేది ఒకటే అయినప్పుడు పలికేది ఇన్ని రకాలు ఎందుకు? ఇక రోజూ చేసే పనికి నేనయితే ఏమీ అక్కర్లేదు, ఆయన అయితే చివర 'స్' పెట్టాలన్నారు. అది మన 'గారు' లాంటిదే అనుకుని మీ తమ్ముడికి పెట్టాను. తర్వాత చూస్తే మీ కాగితంలో పిల్లికి కూడా 'స్' ఉంది. పిల్లికేం మర్యాద వదినగారూ?

రేపటి సంగతి అసలే అర్థం కాలేదు. మనం 'కుళాయిలో నీళ్ళొస్తాయి' అంటాం. రోజూ వస్తాయనీ అదే మాట, రేపు వస్తాయనీ అదే మాట. మనకి ఏ ఇబ్బందీ లేదు. వాళ్ళకి మాత్రం 'విల్' అని వేరే ఎందుకు? పైగా రేపు జరుగుతుందో లేదో ఎవరికి తెలుసని అంత గట్టిగా అంటారు?

మేమిద్దరం బాగున్నాం. మీ తమ్ముడు తెల్లవారకముందే బస్సు డిపోకి వెళ్ళి, ఎండ తగ్గాక చేతులనిండా గ్రీజుతో వస్తారు. మా గది మూడో అంతస్తులో ఉంది. పొడుగాటి వరండా, రెండు వైపులా ఎదురెదురుగా తలుపులు. ఒక్కో గదిలో ఒక్కో భాష. "ఎవరైనా ఏదైనా అడిగితే నవ్వి తలుపేసుకో, ఎవరి జోలికీ పోకు" అని మీ తమ్ముడు మొదటి రోజే చెప్పారు. నాకది కష్టం కాదు, మీకు తెలుసు కదా.

వరండాలో బట్టలారేస్తూ మీ క్రియలు పైకి చదువుకుంటున్నాను. ఒక్కో బట్టకి ఒక్కో క్రియ. చొక్కాలు ఎక్కువ ఉన్న రోజు పాఠం బాగా వస్తోంది.

అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

మీ మరదలు


జూన్ 10

ఒసే నత్తగుల్లా,

పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను పలకరిస్తే బీరువా వెనక దాక్కున్నావు చూడు, ఆ పిల్లేనా ఇన్ని ప్రశ్నలు వేసింది! మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "పిల్లికి మర్యాద ఎందుకు" అన్న దగ్గర ఆయన టీ పొలమారి కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు.

అది మర్యాద కాదే, తోక. పిల్లికీ తోకే, మా తమ్ముడికీ తోకే. 'ఐ', 'యూ' అన్నవాటికి తోక లేదు. ఎందుకని అడిగితే నాకూ తెలియదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను, ఒక్కరూ అడగలేదు. 'డ్' ఎన్ని రకాలుగా పలికినా నువ్వు రాయడం ఒకేలా రాయి, నోరు దానంతటదే దారికొస్తుంది.

'విల్' అంటే రేపు కచ్చితంగా జరుగుతుందని కాదు. అన్నవాడు మాట ఇస్తున్నాడని అనుకో, చాలు.

నీకు నేను పంపేవన్నీ చెప్పినట్టు వినే క్రియలు. 'డ్' అంటే 'డ్', 'విల్' అంటే 'విల్', ఎదురు చెప్పవు. నిన్నటికి రూపమే మార్చేసుకునే మొండి క్రియలు వేరే ఉన్నాయి. వాటి జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. వాటిని చూస్తే నువ్వు మళ్ళీ బీరువా వెనక్కి వెళ్ళిపోతావు.

ఈసారి ఇంటివే పంపుతున్నాను: ఓపెన్, క్లోజ్, లాక్, నాక్, వెయిట్, కాల్, కుక్, వాష్, ఆన్సర్, లాఫ్. ఒక్కోదానికి నిన్నటిదీ, రోజుదీ, రేపటిదీ రాయాలి. ఒక షరతు. గైడులోంచి కాపీ కొట్టిన వాక్యం నాకు దూరం నుంచే వాసనొస్తుంది. అక్కడ నిజంగా జరిగినదీ, నీ చెవులతో విన్నదీ మాత్రమే రాయి. అబద్ధానికి క్రియ నిలవదు.

తమ్ముడితో కూడా రెండు మాటలు ఇంగ్లీషులో మాట్లాడు. బస్సుల కింద పడుకుని వాడూ ఉన్న ఇంగ్లీషు మరిచిపోయి ఉంటాడు.

ఆశీస్సులతో,
వదిన


జూన్ 21

టీచరు వదినగారికి,

మీ మాట ప్రకారం కాపీ కొట్టకుండా రాశాను. అన్నీ ఇక్కడ జరిగినవే, నా చెవులతో విన్నవే. తప్పులుంటే ఎర్ర సిరాతో కొట్టండి.

హీ లాక్డ్ ది డోర్. హీ లాక్స్ ది డోర్. హీ విల్ లాక్ ది డోర్.
ఐ వెయిటెడ్. ఐ వెయిట్. ఐ విల్ వెయిట్.
ఐ నాక్డ్. ఐ కాల్డ్. నో పర్సన్ ఆన్సర్డ్.
మై హస్బెండ్ లాఫ్డ్. మై హస్బెండ్ లాఫ్స్.

'లాఫ్' కి రేపటిది రాయలేదు. చెప్పబుద్ధి కాలేదట. మిగతావి వచ్చే ఉత్తరంలో పంపుతాను.

ఇప్పుడు చదువుకి నాకొక తోడు దొరికింది. ఒంటరిగా చదివినప్పటికంటే బాగా వస్తోంది. ఆ సంగతి వివరంగా రాయాలని ఉంది కానీ ఈ ఉత్తరాన్ని మీ తమ్ముడే చూసి, అంటించి, పోస్టులో వేస్తారు. అందుకని ఇప్పుడు రాయను. మరోలా అనుకోకండి.

మీ తమ్ముడు బాగున్నారు. నేనూ బాగున్నాను. మొన్న తలుపు సందులో వేలు పడి గోరు నల్లబడింది. ఏం ఫర్వాలేదు.

మీ మరదలు


జూన్ 27

చిరంజీవి మరదలికి,

నీ వాక్యాల్లో ఒక్క తప్పూ లేదు. ఎర్ర సిరా అవసరం పడలేదు.

తమ్ముడు ఈ ఉత్తరం చదివినా ఫర్వాలేదు, ఇందులో పాఠం తప్ప ఏమీ లేదు. వరస కొంచెం మార్చి ప్రశ్నలు పంపుతున్నాను. ఇవి చాలా ముఖ్యమైన పాఠం. ఒక్కో ప్రశ్న నెమ్మదిగా పైకి చదువు. తొందరపడకుండా నిజమైన జవాబు రాయి. ఇంగ్లీషులోనే రాయి, తెలుగులో వద్దు.

డజ్ హీ లాక్ ది డోర్ ఎవ్రీ డే?
డు యూ వాంట్ టు స్టే?
డు యూ వాంట్ హెల్ప్?
హూ విల్ హెల్ప్ యూ?

గోరుకి మందు రాసుకో. తలుపు సందులో వేలు ఎలా పడిందో కూడా వీలైతే రాయి, కొత్త మాటలు వస్తాయి. అన్నం వేళకి తింటున్నావా? నీకంటూ ఒక ఫోను ఉంటే బాగుండేది. తమ్ముడితో ఈ మాట అనకు.

మీ అన్నయ్య నన్ను "ఎందుకలా ఉన్నావు" అని అడుగుతున్నారు. ఏం చెప్పను, పరీక్ష పేపర్లు ఎక్కువయ్యాయన్నాను.

వదిన


జూలై 4

టీచరు వదినగారికి,

ఈ ప్రశ్నల పాఠం ఎంత బాగుందో చెప్పలేను! ఇంతకాలం ఎవరికి వాళ్ళం చెప్పుకుంటూ పోవడమే తప్ప అడగడం చేతకాలేదు. ఇప్పుడు అడగవచ్చు. మీరు దగ్గరుండి చూసి పంపినట్టే ఉంది. జవాబులు ఇవి:

ఎస్. హీ లాక్స్ ది డోర్ ఎవ్రీ డే.
ఐ వాంటెడ్ టు వర్క్. ఐ ఆస్క్డ్. హీ లాఫ్డ్.
ఐ వాంట్ హెల్ప్.
మై సిస్టర్ వర్క్స్ ఇన్ ఎ లాండ్రీ. మై సిస్టర్ విల్ హెల్ప్.

'డు యూ వాంట్ టు స్టే' అన్నదానికి చాలాసేపు జవాబు రాలేదు. అర్థం కాలేదేమో అనుకుని మళ్ళీ చదివాను. అప్పుడు ఏడుపు వచ్చింది. ఇంగ్లీషులో ఏడుపుకి క్రియ ఏమిటో మీరు పంపలేదు కాబట్టి ఖాళీ వదిలాను.

వేలు సంగతి అడిగారు. తలుపు కింద సందులోంచి బిస్కెట్ ప్యాకెట్ తోస్తుంటే నలిగింది. దీనికి 'పుష్' అనాలా?

మీ తమ్ముడు నాకు కొత్త దిండు తెచ్చారు. నా మెడనొప్పి సంగతి నేను చెప్పకుండానే కనిపెట్టారు. ఆయన చాలా మంచివారు వదినగారూ. మీకు తెలియనిదేముంది, అయినా రాయాలనిపించింది.

మీ మరదలు


జూలై 10

అమ్మాయీ,

నీ ఉత్తరం స్టాఫ్‌రూంలో చదివాను. మళ్ళీ ఇంటికొచ్చి తలుపేసుకుని చదివాను. తలుపు కింద నుంచి బిస్కెట్లా! పక్కనే "ఆయన చాలా మంచివారు" అని రాశావు. ఆ వాక్యం ఎవరు పక్కన నిలబడి రాయించారో నాకు తెలుసు. నా తమ్ముడిని నేను ఎత్తుకు పెంచాను. వాడు ఇలా తయారవుతాడని ఎవరైనా చెబితే చెంప పగలగొట్టేదాన్ని.

నీకు అక్కచెల్లెళ్ళే లేరు కదే, లాండ్రీలో పనిచేసే సిస్టర్ ఎక్కడి నుంచి వచ్చింది? ఒంటరిగా ఉండి ఉండి మనసు చెదిరిందా? లేక సిస్టర్ అంటే నేనేనా? నేనే అయితే లాండ్రీ ఎందుకు? ఏమీ పాలుపోవడం లేదు.

ఇక పాఠం. ఈ వాక్యాలు బట్టీ పట్టు. రోజూ పైకి పలుకు.

జూలై ట్వెంటీ ఫోర్. ఐ విల్ నాక్. ఐ విల్ ఓపెన్ ది డోర్. యూ విల్ ప్యాక్ యువర్ క్లోత్స్. యూ విల్ వాక్ విత్ మీ.

విల్ అంటే ఏమిటో నీకు చెప్పాను, గుర్తుందిగా. మిగతాది నాకు వదిలెయ్యి.

పోస్టు పగటిపూట వస్తుంది కాబట్టి ఇది వాడికంటే ముందు నీకే అందుతుంది, చదివాక చింపెయ్యి. గోడకి అంటించకు!

వదిన


జూలై 16

వదినగారికి,

కాళ్ళమీద పడి క్షమించమని అడుగుతున్నాను. ఈ ఉత్తరం మీ తమ్ముడు వెయ్యడం లేదు. నేనే పోస్టు డబ్బా ఎక్కడుందో అడుగుతూ వెళ్ళి వేస్తాను.

నిన్న మీరు డిపోకి ఫోన్ చేశారట. "పెళ్ళాన్ని గదిలో పెట్టి తాళం వేస్తావురా, సిగ్గులేదురా" అని మీరు అరిచిన అరుపు పక్కనున్న మెకానిక్కులందరికీ వినబడిందట. ఆయన పని సగంలో వదిలేసి ఇంటికొచ్చారు. చేతులు కూడా కడుక్కోలేదు.

"నేను నీకు తాళం వేశానా? ఎప్పుడేశాను?" అన్నారు.

చేతులు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు అందించాను.

"అసలీ గదికి తాళంకప్ప ఉందా? పోయిన నెల తాళంచెవులు పారేసింది ఎవరు? అప్పట్నుంచీ తలుపు దగ్గరకేసి బతుకుతున్నాం కదే! ఉత్తరాలు పైపైన చూసి అంటించాను గానీ, అక్కకి ఏం రాశావు నువ్వు?"

"పాఠం రాశానండీ" అన్నాను.

"పాఠంలో నేనెందుకున్నాను?"

"మీరు లేరండీ. ఎదురు గది ఆయన ఉన్నారు."

అప్పుడు ఆయన మంచం మీద కూలబడ్డారు. ఆయనకి చెప్పినదే మీకూ చెబుతున్నాను.

మా ఎదురు గదిలో ఒక డ్రైవరు, ఆయన భార్య ఉంటారు. ఆయన మీ తమ్ముడి డిపోలోనే బస్సు నడుపుతారు. డ్యూటీకి వెళ్ళేటప్పుడు బయట గడియ పెట్టి తాళం వేసి వెళతారు. లోపల మనిషి ఉందని నాకు మొదట్లో తెలియదు. ఒకరోజు బట్టలారేస్తూ నేను "వాక్డ్" అంటే తలుపు వెనక నుంచి "వాక్డ్" అని వినిపించింది. ప్రతిధ్వని అనుకున్నాను. "వాష్డ్" అన్నాను. "వాష్డ్" అని, ఆ పైన చిన్న నవ్వు. ప్రతిధ్వని నవ్వదు కదా.

ఆవిడ భాష మనది కాదు. ఏ భాషో కూడా నాకు తెలియదు. ఇద్దరికీ కలిసినవి మీరు పంపిన క్రియలూ, వాటి చుట్టూ ఎవరికి వాళ్ళకి తెలిసిన పదో పరకో మాటలూ. కొత్త పాఠం రాగానే తలుపు దగ్గర కూర్చుని చదివేదాన్ని, ఆవిడ దానితో తన వాక్యం కట్టేది. మీరు నిజంగా జరిగినవీ, విన్నవీ రాయమన్నారు. నా వాక్యాలు 'ఐ కుక్డ్, ఐ వాష్డ్' తప్ప ఏమున్నాయి? ఆవిడవి బాగున్నాయని అవే రాశాను. ఎవరివో రాద్దామంటే, ఎవరి జోలికీ వెళ్ళొద్దన్న మీ తమ్ముడు చూస్తారని భయం. అంతేకానీ అవి నావనుకుంటారని నాకు తట్టనే లేదు. మీ ప్రశ్నలు ఆవిడ వాక్యాలకే వచ్చాయి కాబట్టి ఆవిడనే అడిగాను. ఆ ఏడుపు ఆవిడది. ఆ సిస్టర్ ఆవిడ సిస్టరే.

ఇంతవరకూ తిట్టినా పడతాను. అసలు తప్పు ఇంకా ఉంది. పోయిన పాఠం రోజూ పైకి పలకమన్నారు. ఎప్పటిలాగే ఎదురు తలుపు దగ్గర కూర్చుని పలికాను. "ఐ విల్ నాక్. ఐ విల్ ఓపెన్ ది డోర్. యూ విల్ ప్యాక్." మొదటిసారి ఆవిడ తిరిగి పలకలేదు. మర్నాడు "ఐ ప్యాక్డ్" అంది.

నేను మాట ఇచ్చానని అనుకుంటోంది వదినగారూ. ఇరవై నాలుగో తేదీ తలుపు తెరుచుకుంటుందని బట్టలు సర్దుకుని కూర్చుంది. అది పాఠమని ఎలా చెప్పాలి? చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం మీరింకా నేర్పలేదు.

మీ తమ్ముడు అంతా విని, "వాడు మా డిపో మనిషి. రేపు నా మొహం వాడు చూడాలి, వాడి మొహం నేను చూడాలి. నేను వద్దన్నాను కదా" అన్నారు. తర్వాత అన్నం తినలేదు. మీ మీద కోపమో నా మీద కోపమో తెలియడం లేదు.

నాకు తోవ చూపించండి.

మరదలు


జూలై 20

చిరంజీవి మరదలికి,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత తల బాదుకున్నాను. తమ్ముడికి ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదు. ఇరవై నాలుగు దాకా ఆగలేక ఫోన్ చేసి డిపోలో వాడి పరువు తీసేశాను. ఇరవై ఏళ్ళు పిల్లల వాక్యాలు దిద్దినదాన్ని, ఒక వాక్యం ఎవరిదని అడగాలని నాకు తోచలేదు చూడు.

నేను ఇరవై నాలుగున రావడం మానుకున్నాను. టికెట్ వాపసు ఇచ్చేశాను. కోపం తెచ్చుకోకు. తమ్ముడి ఇల్లయితే పోలీసులతో సహా వచ్చేదాన్ని. ఎవరో డ్రైవరు ఇంటి తలుపు తెరవడానికి నేనెవరిని? మీ అన్నయ్య కూడా అదే అంటున్నారు. "ఆ అమ్మాయి రేపు మళ్ళీ మొగుడి దగ్గరికే వస్తే చెడ్డపేరు మీ ఇద్దరికీ" అన్నారు. ఇంటి యజమానికి ఒక మాట చెప్పమని తమ్ముడితో అను. అది మర్యాదైన దారి.

నువ్వు అడిగిన పాఠం పంపుతున్నాను. మాట వెనక్కి తీసుకోవాలంటే 'విల్' పక్కన 'నాట్' పెట్టాలి.

ఐ విల్ నాట్ నాక్. ఐ విల్ నాట్ ఓపెన్ ది డోర్.

ఇది నెమ్మదిగా, దయగా చెప్పు. ఇంగ్లీషులో దయగా ఎలా చెబుతారో నాకూ సరిగా తెలియదు. ఈ పాఠం ఎందుకో సవ్యంగా రాయలేకపోయాను, కాగితం రెండుసార్లు మార్చాను. ఆ బిస్కెట్లు ఇవ్వడం మాత్రం మానకు.

వదిన


జూలై 24

వదినగారికి,

మీ ఉత్తరం నిన్న అందింది. ఎవరు తిట్టినా మీరు మాత్రం తిట్టరని నమ్మి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇంటి యజమానికి మీ తమ్ముడు నిన్ననే చెప్పారు. "వాళ్ళ వల్ల నాకేం గొడవ లేదు, మీకెందుకొచ్చిన గొడవ" అన్నారట. ఆ మాట చెప్పి మీ తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నారు. పొద్దున ఎప్పటిలాగే తెల్లవారకముందే వెళ్ళారు. ఆయన వెళ్ళాక చూస్తే పనిముట్ల పెట్టె గుమ్మం పక్కనే ఉంది. ఆ పెట్టె లేకుండా ఆయన ఏ రోజూ డిపోకి వెళ్ళలేదు. మరిచిపోయారో, పెట్టి వెళ్ళారో నాకు తెలియదు. సాయంత్రం అడిగితే, "డిపోలో వేరేవి ఉన్నాయిలే" అన్నారు. అది జవాబేనా?

'విల్ నాట్' బాగా బట్టీ పట్టాను. పొయ్యి దగ్గర, అద్దం ముందు, మెట్ల మీద, అన్నిచోట్లా పలికాను. తర్వాత ఎదురు తలుపు దగ్గరికి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే ఆవిడ లోపలి నుంచి మొదలుపెట్టింది. "యూ విల్ నాక్. యూ విల్ ఓపెన్ ది డోర్." నేను నేర్పిన వాక్యాలు నాకే అప్పజెబుతోంది. ఒక్క మాట తప్పు పోలేదు. అది కూడా గుసగుసగా, ఎవరో వినేస్తారని కాదు, ఆ మాట చెదిరిపోతుందని భయపడుతున్నట్టు. ఆ తర్వాత నా నోట 'నాట్' రాలేదు.

తలుపు తట్టాను. తట్టకుండా తెరిస్తే మాట తప్పినట్టవుతుందనిపించింది.

గడియ కొండీకి మరలు బయటివైపే ఉన్నాయి వదినగారూ. ఇన్నాళ్ళూ వాటి ఎదురుగా కూర్చుని చదువుకున్నాను కానీ అవి విప్పేవని నాకు తోచలేదు. పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ తెచ్చాను. మొదటి మర తుప్పు పట్టి రాలేదు. రెండు చేతులతో తిప్పాను. వరండా చివరి గదిలోని ముసలావిడ తలుపు తీసి చూసి, ఏదో అంటుందనుకుంటే, తన వంటింట్లోంచి నూనె చుక్క తెచ్చి మర మీద వేసి, మళ్ళీ తలుపేసుకుంది. తాళంకప్ప తాళంకప్పలాగే ఉంది, కొండీ ఊడి నా చేతిలోకి వచ్చింది.

గొంతు విని పొడుగు మనిషి అనుకున్నాను. నా భుజం దాకా కూడా రాదు. చేతిలో ఒక సంచి, అంతే. నన్ను చూసి తన భాషలో గబగబా చాలా మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అదేదో దీవెనో, దారి అడగడమో, నన్ను కూడా రమ్మనడమో. నేను తలూపాను. దేనికి తలూపానో తెలియదు. మెట్ల దాకా వెళ్ళి ఆగి "మై సిస్టర్" అని కిందికి చూపించింది. తర్వాత వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తుందని అక్కడే నిలబడ్డాను.

సాయంత్రం డ్రైవరు వచ్చారు. మీ తమ్ముడు అప్పుడే వచ్చి మొహం కడుక్కుంటున్నారు. డ్రైవరు కొండీ లేని తలుపు చూసి వరండా అంతా దద్దరిల్లేలా అరిచారు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మా తలుపు దగ్గరకేసే ఉంటుంది కదా, తోస్తే తెరుచుకుంది. మీ తమ్ముడు తువ్వాలుతోనే అడ్డంగా నిలబడ్డారు. డిపోలో అందరూ మాట్లాడుకునే కలగాపులగం భాషలో ఇద్దరూ ఏవేవో అనుకున్నారు. పనిముట్ల పెట్టె వైపు డ్రైవరు చెయ్యి చూపించారు. మీ తమ్ముడే విప్పారని అనుకుంటున్నారని అప్పుడు నాకర్థమైంది. మీ తమ్ముడు కాదనలేదు. అవుననీ అనలేదు.

మీ తమ్ముడి పక్కనుంచి ముందుకొచ్చాను.

"ఐ ఓపెన్డ్ ది డోర్" అన్నాను.

డ్రైవరు నా వంక చూశారు. ఇన్ని నెలలుగా ఎదురుగా ఉంటున్నాం, నేను మూగదాన్ననుకున్నారేమో. మీ తమ్ముడు కూడా నా వంక అలాగే చూశారు. డ్రైవరు మళ్ళీ ఏదో అడిగారు. 'వేర్' అన్నది మాత్రం తెలిసింది. నాకు లాండ్రీ సంగతి తెలుసు. అయినా "ఐ ఓపెన్డ్ ది డోర్" అనే మళ్ళీ అన్నాను. ఆయన ఏదడిగినా అదే అన్నాను. గట్టిగానే అన్నాను, వరండాలో మారుమోగింది. చివరికి మీ తమ్ముడు, "ఆవిడ చెప్పింది కదా, ఇక వెళ్ళు" అన్నారు. ఆ మాట తెలుగులోనే అన్నారు, ఆయనకెలా అర్థమైందో, వెళ్ళిపోయారు.

రేపు డిపోలో ఏమవుతుందో తెలియదు. ఆవిడ సిస్టర్ దగ్గరికి చేరిందో లేదో తెలియదు. మళ్ళీ తిరిగొస్తుందేమో అన్న అన్నయ్యగారి మాట ఉండి ఉండి గుర్తొస్తోంది. నేను చేసింది మంచిదో కాదో మీరు చెప్పినా నాకు తెలుస్తుందో లేదో. మీ తమ్ముడు మాత్రం అన్నం రెండోసారి పెట్టించుకున్నారు. మీకు ఆయనే ఫోన్ చేస్తానన్నారు.

ఇది రాస్తుంటే ఎదురు తలుపు దగ్గర చప్పుడు వినిపిస్తోంది. డ్రైవరు కొండీకి కొత్త మరలు బిగిస్తున్నారు. లోపల ఎవరూ లేరు. ఎవరి కోసం బిగిస్తున్నారని మీ తమ్ముడిని అడిగితే, తనకీ అర్థం కావడం లేదన్నారు.

మీ మరదలు